మూడు భాషల కొండ ఊరు - టొలెడో



మా బళ్ళారి వైపు చాలామంది పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అలాంటి పిల్లలకు నేను ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఒకరోజు పదో తరగతిలో త్రికోణమితి మొదలుపెట్టి, బోర్డు మీద సైన్, కాస్, టాన్ అని రాశాను. ఒకమ్మాయి లేచి, "సార్, సైన్ అంటే అర్థం ఏమిటి?" అని అడిగింది. సూత్రం చెప్పగలను గాని ఆ మాటకు అర్థం నాకు తెలియదు. "రేపు చెబుతానమ్మా" అన్నాను. ఆ రేపు రావడానికి నెల పట్టింది. అర్థం వెతుక్కుంటూ పోతే ఆ దారి నన్ను స్పెయిన్ దేశంలోని ఒక పాత ఊరికి తీసుకుపోయింది. దాని పేరు టొలెడో. అక్కడివారు 'తొలేదో' అని పలుకుతారు.

నిజం చెప్పాలి. నేను ఆ ఊరు కళ్లారా చూడలేదు. పుస్తకాల్లో, పటాల్లో, ఫోటోల్లో తిరిగిన ఊరది. మీరు కూడా ఈ కాసేపు నాతో రండి.

స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌కు దక్షిణంగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉంది టొలెడో. వేగంగా పోయే రైలెక్కితే అరగంట ప్రయాణం. పెద్ద రాతి గుట్ట మీద ఊరు. ఆ గుట్టను తాహో నది మూడు వైపులా చుట్టుకుని పారుతుంది. నాలుగో వైపు కోటగోడ కట్టుకుంటే శత్రువు రావడం కష్టం. అందుకే రోమనులు వచ్చారు, తరువాత విసిగోతులు వచ్చి రాజధాని చేసుకున్నారు. 711లో ముస్లింలు, 1085లో క్రైస్తవ రాజు ఆరవ అల్ఫాన్సో దానిని గెలుచుకున్నారు. 1561లో రాజు రెండవ ఫిలిప్ తన కొలువును మాడ్రిడ్‌కు మార్చాడు. రాజధాని హోదా పోవడం ఒకందుకు మేలే అయింది. పాత ఊరు పాత ఊరుగానే మిగిలింది. 1986లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

స్టేషనులో దిగి నడిస్తే మొదట ఎదురయ్యేది నది మీది రాతి వంతెన. పేరు 'పుయెంతె దె అల్కాంతరా'. స్పానిష్‌లో పుయెంతె అంటే వంతెన. అరబ్బీలో అల్ కంతరా అన్నా వంతెనే. అంటే దాని పేరు 'వంతెన వంతెన'! మనం 'నడి సెంటరు' అంటామే, అలాంటిదే. రెండు భాషలు కలిసి బతికిన చోట ఇలాంటి మాటలు పుడతాయి. వాటిని చూసి నవ్వుకోవచ్చు గాని సిగ్గుపడనక్కరలేదు.

వంతెన దాటి పైకెక్కితే అన్నీ ఇరుకు సందులు, ఎత్తుపల్లాలు, గులకరాళ్లు పరిచిన బాటలు. మంచి చెప్పులు ఉండాలి. ఎండాకాలం అక్కడ ఎండ మన బళ్ళారి ఎండకు తీసిపోదు. అందుకే ఉదయమే బయలుదేరడం మంచిది.

ముందుగా ఒక చిన్న కట్టడం చూడండి. ఇప్పుడు 'క్రిస్తో దె లా లూస్' అని పిలిచే ఈ గుడి మొదట మసీదు. 999లో కట్టారు. ఆ సంగతి గోడ మీద ఇటుకలతోనే అరబ్బీ అక్షరాలు పేర్చి రాశారు. లోపల నాలుగు స్తంభాలు, పైన తొమ్మిది చిన్న గుమ్మటాలు. ఒక గుమ్మటంలో ఉన్న అల్లిక మరొక దానిలో ఉండదు. తరువాత దానిని చర్చిగా మార్చారు. అరబ్బీ రాతను మాత్రం చెరపలేదు.

ఊరి నడుమ పెద్ద కథీడ్రల్ ఉంది. పెద్ద మసీదు ఉన్న స్థలంలో 13వ శతాబ్దంలో మొదలుపెట్టి 1493లో పూర్తిచేశారు. లోపల పీఠం వెనుక 1732లో నార్సిసో తోమె అనే శిల్పి ఒక చిత్రమైన పని చేశాడు. పైకప్పుకే కన్నం తొలిచి, పైనుంచి సూర్యకాంతి విగ్రహాల మీద పడేటట్టు అమర్చాడు.

సాంతో తొమే అనే చర్చిలో ఎల్ గ్రెకో గీసిన 'ఓర్గాజ్ ప్రభువు అంత్యక్రియలు' అనే పెద్ద చిత్రం ఉంది. ఎల్ గ్రెకో అంటే గ్రీకువాడు అని అర్థం. ఆయన క్రీటు దీవిలో పుట్టి, 1577లో ఈ ఊరికి వచ్చి, 1614లో ఇక్కడే కన్నుమూశాడు. ఊరంతా ఆయనను 'గ్రీకువాడు' అనే పిలిచింది. ఆయన మాత్రం తన చిత్రాల మీద తన అసలు పేరునే గ్రీకు అక్షరాల్లో సంతకం చేసేవాడు. పరాయి ఊళ్లో ముప్పై ఏడేళ్లు ఉన్నా తన లిపి వదులుకోలేదు.

ఇక యూదుల పేటకు పోదాం. అక్కడ రెండు పాత ప్రార్థనా మందిరాలున్నాయి. ఒకటి 'సాంతా మరియా లా బ్లాంకా'. లోపలంతా తెల్లని స్తంభాలు, గుర్రపు లాడం ఆకారంలో కమానులు. క్రైస్తవ రాజుల ఏలుబడిలో, ముస్లిం పనితనంతో, యూదులు కట్టుకున్న మందిరమది. రెండవది 'ఎల్ త్రాన్సితో'. రాజు పెద్రో కోశాధికారి సామ్యూల్ హలేవి 14వ శతాబ్దంలో కట్టించాడు. దాని గోడల మీద హీబ్రూ అక్షరాల బారులు నగిషీలాగా కనిపిస్తాయి. అంత నమ్మిన కొలువువాడిని ఆ రాజే తరువాత చెరలో వేయించాడు. ఆయన అక్కడే చనిపోయాడు.

1391లో యూదుల మీద ఊచకోతలు జరిగాయి. 1492లో మతం మారండి, లేదా దేశం విడిచిపొండి అని రాజాజ్ఞ వచ్చింది. వెళ్లినవారు టర్కీ, గ్రీసు, మొరాకో వైపు చెదిరిపోయారు. గెంటేసిన దేశపు భాషనే వారు ఇళ్లలో దాచుకున్నారు. ఆ పాత స్పానిష్‌ను లదినో అంటారు. ఐదువందల ఏళ్లు దాటినా మాట్లాడేవారు కొద్దిమంది ఇంకా ఉన్నారు. 2015లో స్పెయిన్ ఆ వంశాలవారికి పౌరసత్వం ఇచ్చే చట్టం చేసి, 2019 వరకు దరఖాస్తులు తీసుకుంది. ఎల్ త్రాన్సితో ఇప్పుడు మ్యూజియం. మందిరాలు మిగిలాయి, ప్రార్థించే మనుషులు పోయారు. టొలెడోలో నా మనసు ఎక్కువసేపు నిలిచింది అక్కడే.

ఆ మనుషులు కలిసి ఉన్న కాలంలో ఏం చేశారో చూడండి. 12వ శతాబ్దంలో యూరపు పండితులు అరబ్బీ గ్రంథాల కోసం టొలెడోకు వచ్చేవారు. ఇటలీ నుంచి జెరార్డ్ అనే ఆయన టాలెమీ ఖగోళ గ్రంథం కోసం వచ్చి, అరబ్బీ నేర్చుకుని, డెబ్బైకి పైగా గ్రంథాలు లాటిన్‌లోకి మార్చాడు. అల్ ఖ్వారిజ్మీ బీజగణితం వాటిలో ఒకటి. మరొక గ్రంథాన్ని ఇద్దరు కలిసి చేశారు. ఒక యూదు పండితుడు అరబ్బీ చదువుతూ ఒక్కొక్క మాటనే వాడుక భాషలో చెబితే, గుందిసాల్వో అనే క్రైస్తవ పండితుడు దానిని లాటిన్‌లో రాశాడు. నడుమ నిలిచి వంతెన అయింది బజారులో మాట్లాడే వాడుక భాష!

మన దేశం పేరు కూడా ఆ ఊరికి కొత్తకాదు. టొలెడో ఖాజీ సాయిద్ 1068లో రాసిన గ్రంథంలో, శాస్త్రాలను పెంచిన జాతుల్లో భారతీయులను మొదట పేర్కొన్నాడు. మన అంకెల లెక్కను మెచ్చుకున్నాడు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. ఆర్యభటుడు వాడిన మాట 'జ్యా', అంటే వింటినారి. దానినే 'జీవా' అని కూడా అనేవారు. అరబ్బులు దానిని 'జీబ' అని రాసుకున్నారు. వారి రాతలో అచ్చులు అన్నీ కనిపించవు. తరువాతివారు దానిని 'జైబ్' అని చదువుకున్నారు. జైబ్ అంటే గుండె మీది బట్ట మడత. 12వ శతాబ్దపు అనువాదకులు దానిని అలాగే 'సైనస్' అని లాటిన్‌లోకి మార్చారు. అదే మన సైన్. ఇంకొక వింత. ఆ జైబ్ అనే మాటే పారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చి 'జేబు' అయింది!

తిరిగొచ్చే ముందు టొలెడో అంగళ్లు చూడండి. కత్తులకు ఆ ఊరు పేరుమోసింది. నల్లని ఉక్కులో బంగారు తీగ పొదిగే పని మన బీదరు పనిని గుర్తుకు తెస్తుంది. బాదంపప్పు, చక్కెర నూరి చేసే 'మసపాన్' అనే మిఠాయి తప్పక రుచి చూడవలసినది. సాయంత్రం నదికి అవతలి గట్టు ఎక్కితే ఊరంతా ఒక్క చూపులో కనిపిస్తుంది.

నెల తరువాత క్లాసులో ఈ కథంతా చెప్పాను. ఆ అమ్మాయి ఇంట్లో తెలుగు మాట్లాడితే కన్నడం కలిసిందని పెద్దలు నవ్వుతారు. బడిలో కన్నడం మాట్లాడితే తెలుగు కలిసిందని తోటిపిల్లలు నవ్వుతారు. అందుకని ఆ పిల్ల ఎక్కువ మాట్లాడేదికాదు. ఆ రోజు మాత్రం లేచి, "అయితే సార్, రెండు భాషలు వచ్చినవాళ్లు లేకపోతే మన లెక్క అంత దూరం పోయేది కాదు కదా?" అంది. అవునమ్మా, అన్నాను.

సరిహద్దు ఊళ్లలో ఉన్న తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ పిల్లల నోట రెండు భాషలు కలిస్తే నవ్వకండి. రెండూ చక్కగా చదవడం, రాయడం నేర్పించండి. ఎవరికి తెలుసు, రేపు ఏ గ్రంథం వారి కోసం ఎదురుచూస్తున్నదో.