అప్పు అందరిది, కోత ఎవరిది?



దేశం అప్పు తగ్గాలనడంలో మనకు భిన్నాభిప్రాయం లేదు. 2025-26 బడ్జెట్ ప్రకారం కేంద్రం వెచ్చించే ప్రతి రూపాయిలో 20 పైసలు వడ్డీలకే పోతున్నాయి. బడికీ ఆసుపత్రికీ చేరవలసిన సొమ్ము అది. మన ప్రశ్న ఒక్కటే: పొదుపు ఎక్కడ మొదలుకావాలి?

మైనారిటీ వ్యవహారాల శాఖకు 2022-23 బడ్జెట్‌లో 5,020 కోట్లు కేటాయించిన కేంద్రం 2023-24లో 3,097 కోట్లతో సరిపెట్టింది. ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు ఉపకార వేతనాలు ఆగిపోయాయి. ఉచిత విద్యా చట్టం ఉంది కదా అన్నారు. మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌నూ ఎత్తివేశారు. ఇంత చేసి మిగిల్చినదెంత? 45 లక్షల కోట్ల బడ్జెట్‌లో నూరు రూపాయలకు ఐదు పైసలైనా కాదు!

మరోవైపు, 2019 సెప్టెంబరులో రాయితీలు వదులుకునే కంపెనీలకు పన్ను రేటును 22 శాతానికి తగ్గించారు. నాటి పన్ను తగ్గింపులతో ఏడాదికి 1.45 లక్షల కోట్ల రాబడి పోతుందని ప్రభుత్వమే చెప్పింది. సంపద పన్ను 2015 బడ్జెట్‌తోనే రద్దయింది. సబ్బుబిళ్ల మీద జీఎస్టీ మాత్రం కూలీకీ కోటీశ్వరుడికీ ఒక్కటే.

కనుక మనం కోరేది దయ కాదు, న్యాయమైన లెక్క. ఉద్యోగాలు కల్పించని పన్ను రాయితీలను తొలగించాలి. ఎగవేతకు తావులేని సంపద పన్ను తేవాలి. ఉపకార వేతనాలను పునరుద్ధరించాలి. వచ్చే బడ్జెట్‌కు ముందే, వేతనం ఆగిన మన పిల్లల జాబితాను ఊరూరా సిద్ధంచేసి పార్లమెంటు సభ్యులకు అందజేద్దాం. అప్పు తీర్చగల తరాన్ని చదువుకు దూరంచేసి ఏ దేశమూ రుణవిముక్తి పొందజాలదు.