కథల వియ్యము
(భిలాయిలో జరిగిన ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను మాటలాడవలసిన విషయము, టెలివిజన్ కథలలో ఒకదానిలోని పాత్రలు వేరొకదానిలోనికి వచ్చుట. అట్లు రాకపోకలు సాగించు కథలన్నియు కలిసి ఒకే లోకమగుట. ఇది పిల్లల ముచ్చటయని పెద్దలును, పెద్దలకు తెలియని ముచ్చటయని పిల్లలును అనుకొనుచుండవచ్చును. నా మనవి యేమనగా, ఇది ఇరువురిదియు. దీని కొత్త రూపము పిల్లలకు తెలియును. పాత రూపము పెద్దలకు తెలియును. ఒకరికి తెలిసినదానిని మరొకరికి పరిచయము చేయుటయే ఈ ప్రసంగము పని.

మొదట కొత్త రూపమును చూతము. తెలుగు ఛానళ్లలో "మహాసంగమము" అను ప్రకటనను మీలో చాలమంది చూచియుందురు. వేర్వేరు వేళలలో వచ్చు రెండు సీరియళ్లలోని కుటుంబములు ఒక పెండ్లిలోనో, వ్రతములోనో, దేవాలయములోనో కలిసికొనును. ఈ కథలోని అత్తగారు ఆ కథలోని కోడలికి బుద్ధి చెప్పును. ఈ యింటి కష్టమును ఆ యింటివారు తీర్తురు. హిందీలో 2012లో సోనీ ఛానల్ వారు తమ "సీఐడీ"లోని పోలీసు అధికారియైన ప్రద్యుమ్నకును, "అదాలత్"లోని న్యాయవాదియైన కె.డి. పాఠక్‌కును పోటీ పెట్టిరి. నేరస్థుని పట్టువాడొకడు, నిరపరాధిని విడిపించువాడొకడు. ఇద్దరును సత్యము పక్షమువారే. ఇద్దరికిని వేర్వేరుగా అభిమానులు కలరు. ఈ పోటీని దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. దీనితో మనకు మరల పని కలదు.

తెలుగు చలనచిత్రములందును ఈ పద్ధతి ప్రవేశించినది. శైలేష్ కొలను 2020లో "హిట్" అను నేరపరిశోధన చిత్రమును తీసెను. 2022లో రెండవది, 2025లో మూడవది వచ్చినవి. కథానాయకుడైన పోలీసు అధికారి ప్రతి చిత్రమునందును వేరు. కాని వారందరును ఒకే లోకమువారు. రెండవదాని చివర మూడవదాని నాయకుడు దర్శనమిచ్చి పోవును. ప్రశాంత్ వర్మ 2024 నాటి "హనుమాన్" చిత్రముతో ఇట్టిదే మరియొక లోకమునకు పునాది వేసెను. అదే సంవత్సరమున నాగ్ అశ్విన్ "కల్కి 2898 ఏడి"లో కురుక్షేత్రమునాటి అశ్వత్థామను రాబోవు కాలమునకు నడిపించెను.

అమెరికాలో ఈ యాట ఇంకను దూరము పోయినది. 1993లో "హోమిసైడ్" అను సీరియల్‌లో మంచ్ అను పోలీసు పాత్రను రిచర్డ్ బెల్జర్ అను నటుడు ధరించెను. తరువాత ఆ నటుడే ఆ పాత్రతోనే "లా అండ్ ఆర్డర్"లోనికిని, "ఎక్స్ ఫైల్స్"లోనికిని, మరికొన్నింటిలోనికిని పోయి వచ్చెను. ఊరూర బంధువులున్న పెద్దమనిషివలె ఆయన ఏ కథలో అడుగుపెట్టిన ఆ కథ తక్కినవానికి చుట్టమైనది.

అంతకంటె వింతయైనది "సెయింట్ ఎల్స్‌వేర్" అను ఆసుపత్రి కథ. అది 1982 నుండి 1988 వరకు నడచినది. దాని చివరి భాగమున టామీ వెస్ట్‌ఫాల్ అను బాలుడు ఒక గాజుగోళమును తదేకముగా చూచుచుండును. ఆ గోళములో ఉన్నది ఆ ఆసుపత్రి భవనమే! ఆరేండ్ల కథయంతయు ఆ బాలుని ఊహ కావచ్చునని సూచన. అంతట ప్రేక్షకులలో చమత్కారులు లెక్కలు కట్టిరి. ఈ ఆసుపత్రి బాలుని ఊహయైనచో, ఇందలి వైద్యులు పోయి వచ్చిన ఇతర సీరియళ్లును అతని ఊహయే కావలెను గదా. వానితో చుట్టరికమున్నవియు అంతే గదా అని వందల సంఖ్యలో కథలను ఒకే వంశవృక్షముగా గీసిరి. చమత్కారమే; అయినను అందొక సత్యమున్నది. ఒక కథలో ఒక తలుపు తెరచినచో, ఆ తలుపు ఎంత దూరము దారి తీయునో తెరచినవానికి తెలియదు.

ఇక పాత రూపము. మన పెద్దలు ఆ తలుపును ఎన్నడో తెరచిరి. రామాయణములోని హనుమంతుడు భారత అరణ్యపర్వమున సౌగంధికపుష్పములకై పోవు భీమునకు దారిలో అడ్డముగా పండుకొనియుండును. రామునికి ఎదురుపడిన పరశురాముడే భీష్మునకును కర్ణునకును గురువు. లంకాయుద్ధము చూచిన జాంబవంతుడే శమంతకమణి కథలో శ్రీకృష్ణునితో పోరాడి, తుదకు పిల్లనిచ్చిన మామయగును. ఒక యుగమునుండి మరియొక యుగమునకు వచ్చిన ఈ ముగ్గురిని చూచి, వీరిక్కడికెట్లు వచ్చిరని ఏ అవ్వయు అడుగలేదు. చిరంజీవులు కావున వచ్చిరి, అంతే.

తెలుగువారు ఇంతతో ఆగలేదు. ఇతిహాసమున కలిసియున్న పాత్రలను తీసికొని, అందు లేని తగవును వారి నడుమ కల్పించిరి. గయోపాఖ్యానమును తలచుకొనుడు. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి నాటకముగా అది ఊరూర ఆడినది, 1963లో కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున "శ్రీకృష్ణార్జున యుద్ధము" చిత్రముగా వచ్చి ఎన్.టి. రామారావుగారిని, అక్కినేని నాగేశ్వరరావుగారిని ఎదురెదురుగా నిలిపినది. ఆకాశమున పోవు గయుడను గంధర్వుడు ఉమిసిన తాంబూలము అర్ఘ్యమిచ్చుచున్న కృష్ణుని దోసిట పడును. వానిని చంపుదునని కృష్ణుని ప్రతిజ్ఞ. శత్రువెవ్వరో తెలియకమునుపే వానిని కాపాడుదునని అర్జునుని అభయము. బావ మాట ఇచ్చినాడు. మరది మాట ఇచ్చినాడు. ఇక యుద్ధము తప్పునా?

తాండ్ర సుబ్రహ్మణ్యంగారి "శ్రీరామాంజనేయ యుద్ధము" నాటకమును అట్టిదే. విశ్వామిత్రునకు మాట ఇచ్చిన రాముడొకవైపు, యయాతికి అభయమిచ్చిన ఆంజనేయుడొకవైపు. స్వామి ధర్మము స్వామిది. బంటు ధర్మము బంటుది. 1975లో బాపుగారి దర్శకత్వమున ఇదియు చిత్రముగా వచ్చినది.

ఇప్పుడు ప్రద్యుమ్న, పాఠక్‌ల పోటీని మరల తలచుకొనుడు. ఇద్దరు మంచివారిని ఎదురెదురుగా నిలుపుటయే ఇందును కిటుకు. దుష్టుని శిష్టుడు గెలుచునని అందరికిని తెలియును. ఇద్దరును శిష్టులైనప్పుడు ఏమగునో చూడవలెనని ప్రేక్షకునకు ఆతురత. ఈ కిటుకు సోనీ ఛానల్ వారికి 2012లో తోచినది. మన రంగస్థలమునకు అంతకు నూరేండ్ల మునుపే తెలియును.

అయినను రెండింటికిని భేదము లేకపోలేదు. మన యిండ్లలో రెండు కుటుంబములు కలియుటకు వియ్యమని పేరు. వియ్యమందినంత మాత్రమున వియ్యంకులు తమ ఇంటిపేర్లు వదలుకొనరు. తమ మర్యాద తాము నిలుపుకొనుచునే ఎదుటివారి మర్యాద కాపాడుదురు. కథల వియ్యమును ఇట్లే ఉండవలెను. గయోపాఖ్యానమున కృష్ణుడు కృష్ణుడుగానే ఉండును, అర్జునుడు అర్జునుడుగానే ఉండును. ఎవ్వరును తమ స్వభావము తప్పరు కావుననే తగవు తీవ్రమగును. సీరియళ్ల మహాసంగమమున తరచుగా జరుగునది వేరు. వచ్చిన చుట్టములు వారము దినములుండి పోయిన పిదప వారు వచ్చిన గుర్తే మిగులదు. వచ్చినందువలన ఏ పాత్రకును ఏ నష్టమును లేదు, ఏ పరీక్షయు లేదు. అట్టి రాక వియ్యము కాదు, విందు మాత్రమే. మాటకు కట్టుబడిన పాత్ర ఆ మాటవలన చిక్కున పడవలెను. చిక్కున పడని పాత్ర ఏ కథలోనికి పోయినను ఒకటే.

రెండవ భేదము మరింత ముఖ్యమైనది. ఈ ఉమ్మడి లోకము ఎవరిది? సీరియళ్ల లోకము ఛానల్ వారిది. పాత్రలను కలుపవలెనన్న హక్కుదారుల అనుమతి కావలెను. రామ భారతముల లోకమునకు హక్కుదారుడు లేడు. అది వినువారి తలలలో ఉన్నది. ఇందుకు "మాయాబజార్" మంచి నిదర్శనము. 1957లో వచ్చిన ఆ చిత్రమున వ్యాసభారతమున లేని శశిరేఖ నాయిక. వ్యాసభారతమునకు ప్రాణమైన పాండవులు మాత్రము తెరపై కనబడనే కనబడరు! అయినను ఏ ప్రేక్షకుడును పాండవులెవరని అడుగలేదు. అడవికి పోయినారని వానికి తెలియును. తెరపై లేని అయిదుగురు వీరులను ప్రేక్షకుడే తన యింటినుండి తెచ్చుకొనెను. ఉమ్మడి లోకమనగా ఇది. చెప్పువాడు సగము చెప్పగా వినువాడు సగము పూరించుట.

సోదరులారా, ఇక మన భిలాయి మాట చెప్పెదను. సోవియట్ దేశముతో 1955లో కుదిరిన ఒడంబడికవలన ఈ కర్మాగారము ఏర్పడినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిరి. నానా రాష్ట్రములనుండి జనులు వచ్చి ఒకే సెక్టారులలో ఇరుగుపొరుగులైరి. మన ఊరే ఒక మహాసంగమము. కాని ఈ నేల మనము వచ్చువరకు కథలు లేక ఉండలేదు. ఛత్తీస్‌గఢ్ నేలపై పండవానీ కలదు. భిలాయికి చేరువనున్న గనియారీ గ్రామమున జన్మించిన తీజన్ బాయి దానిని ప్రపంచమునకు వినిపించినది. స్త్రీలు కూర్చుండి పాడు వేదమతి పద్ధతిని కాదని, పురుషులకు పరిమితమైన కాపాలిక పద్ధతిలో నిలిచి పాడినది. చేతిలోని తంబూరయే భీముని గద, అదియే అర్జునుని విల్లు. ఈ ఉక్కు కర్మాగారమునందే ఉద్యోగము చేసినది. శ్యాం బెనెగల్ గారి "భారత్ ఏక్ ఖోజ్" సీరియల్‌లో 1988లో దేశమంతయు ఆమెను దూరదర్శన్‌లో చూచినది. 1987లో పద్మశ్రీ, 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ ఆమెను వరించినవి.

పండవానీలో భీముడే ప్రధాన వీరుడు. వ్యాసుని భారతమున లేని స్థానిక కథలును అందు చేరినవి. పాడువారికి బదులు పలుకుచు, ప్రశ్నలడుగుచు, హాస్యమాడు సహాయకునకు రాగీ యని పేరు. తంబూర, నిలిచి ఆడుట, పక్కవాని బదులు మాట! ఇవి వినినంతనే మన బుర్రకథ జ్ఞాపకమునకు రాదా? కథకునకు ఇరువైపుల నిలుచు వంతలు రారా? షేక్ నాజర్‌గారు ఏ మెరుపుతో తెలుగు సభలను కుదిపిరో, ఆ మెరుపే ఇక్కడ మరియొక భాషలో ఉన్నది. భాష వేరు, బాణి వేరు, భీముడు ఒక్కడే. ఉమ్మడి లోకమన్నచో ఇంతకంటె ఏమి కావలెను?

ఇప్పుడు నా ప్రసంగములోని అసలు సంగతికి వచ్చితిని. మన పిల్లలలో అనేకులు ఇక్కడనే పుట్టిరి. ఇంటిలో తెలుగు మాటలాడుదురు. బడిలో హిందీయు ఇంగ్లీషును చదువుదురు. తెలుగు చదువరానివారు కొద్దిమంది కారు. వారికి ప్రద్యుమ్న తెలియును; గయుడు తెలియడు. గయుని ఎరుగనివానికి కృష్ణార్జునుల తగవులోని బాధ తెలియదు. పాండవులను ఎరుగనివాడు "మాయాబజార్" చూచిన, అందు సగమే చూచును. పూరించుకొనవలసిన సగము వాని తలలో లేదు. ఛానల్ వారి లోకము ప్రసారము ఆపివేసిననాడు ముగియును. మన లోకమునకు అట్టి భయము లేదు. కాని తెలిసినవారు తగ్గుకొలది అది చడిచప్పుడు లేకయే కుంచించుకొని పోవును. దానిని ఆపివేసినవారెవరని అడిగినచో చూపుటకు ఒక్కరును దొరకరు.

దీనికై పిల్లలను కోపపడిన ప్రయోజనము లేదు; సీరియళ్లను నిందించినను లేదు. ఒక కథలోనివాడు మరియొక కథలోనికి వచ్చినప్పుడు పిల్లవాని కన్నులు మెరయుచున్నవి గదా! ఆ మెరుపే మనకు దారి. అవ్వలకు నా విన్నపము: మనుమడు అట్టి భాగము చూచుచున్నప్పుడు ప్రక్కన కూర్చుండుడు. "వీరిద్దరిలో ఎవరెవరికి మాట ఇచ్చినారురా?" అని అడుగుడు. వాడు చెప్పిన పిదప, "ఇట్టిదే మాకొకటి తెలియును" అని గయుని కథ ఎత్తుకొనుడు. చిరంజీవులకును నా విన్నపము: ఆ గాజుగోళము బాలుని కథను మీ నాయనమ్మకు, అమ్మమ్మకు తెలుగులో చెప్పుడు. చెప్పలేక తడబడిన మాటలను ఆమెయే అందించును. ఆ అందించుటలోనే చదువున్నది.

కార్యవర్గమునకు ఒక్క సూచన. వచ్చు సంవత్సరము ఉత్సవములలో ఒక సాయంకాలమును భీమ హనుమంతుల సమాగమమునకు కేటాయింపుడు. ఒక అంకమును మన యువకులు బుర్రకథగా చెప్పవలెను. మరియొక అంకమును ఇరుగుపొరుగు గ్రామములనుండి పిలిపించిన పండవానీ కళాకారులు పాడవలెను. మన వంతలు వారికి బదులు పలుకవలెను, వారి రాగీ మనవారిని ప్రశ్నింపవలెను. అనువాదకుడు అక్కరలేదు, కథ అందరికిని తెలిసినదే. తెలియని పిల్లలను ముందు వరుసలో కూర్చుండబెట్టుడు. మన భీముడును ఛత్తీస్‌గఢ్ భీముడును ఒక వేదికపై వియ్యమందినారని మరునాడు బడిలో వారే చెప్పుకొందురు.