చర్మము, గోళ్లు: మా నిత్యపరీక్ష

రోగి పడక యొద్దకు చేరగానే మేము ఆతని చేయి పట్టుకొందుము. పలకరింపుతోపాటు పరీక్షయు అప్పుడే ఆరంభమగును. గోటిని అదిమి విడిచినచో, తెల్లబడిన చోటికి రెండు సెకనులలోపల ఎరుపు తిరిగి రావలెను. ఆలస్యమైనచో రక్తప్రసరణ మందగించినదేమో యని అనుమానింతుము. చెంచావలె గుంటపడిన గోరు ఇనుము లోపమును, నీలివర్ణము ప్రాణవాయువు కొరతను సూచింపవచ్చును. అందుచేతనే గోళ్లకు వేసిన రంగును తుడిచివేయుమని కోరుదుము.

అయితే కన్నొక్కటే చాలదు. మంచము పట్టినవారికి నడుము క్రింది ఎముకపైనను, మడమలపైనను పడకపుండు పడుటకు ముందు చర్మము ఎర్రబడుననియు, వ్రేలితో నొక్కినను ఆ ఎరుపు పోదనియు మేము చదువుకొంటిమి. మన చామనచాయ దేహములపై ఆ ఎరుపు కనబడకపోవచ్చును. కావున చేతితో తడిమి, ప్రక్కనున్న చర్మముతో పోల్చి, వెచ్చదనము, చల్లదనము, గట్టిదనము, మెత్తదనము తెలిసికొందుము. నొప్పి యున్నదా యని అడుగుదుము.

మీ యింట మంచమందున్న పెద్దలుండినచో, ఒడలు తుడుచునపుడు మీరును ఇట్లే తడిమి చూడుడు. తేడా తోచినచో ఆ చోట ఒత్తిడి లేకుండ ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. అచ్చట రుద్దవలదు. వైద్యునకు తెలుపుడు. పుండు పడినచో మానుటకు నెలలు పట్టవచ్చును గనుక ఈ పరీక్షను ఒక్కనాడును విడువవలదు.