నెత్తురు, నడక



ఘాజియాబాద్ తెలుగు కుటుంబములలో తరచు వినబడు ‘రక్తహీనత’ యనగా నెత్తురు ఇంకిపోవుట కాదు. నెత్తురులో ప్రాణవాయువును మోయు హీమోగ్లోబిన్ తగ్గుట. ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 విటమిన్, వీనిలో ఏది కొరవడినను అది కలుగవచ్చును.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధక బృందము అమెరికాలో 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అది నెత్తురును బాగుచేయును. కాని లోపించినది బి12 అయినచో, నెత్తురు బాగుపడినను నరములు చెడుచునే యుండును. పాదములకు తిమ్మిరి, తూలునడక ముదురును. దానిని వార్ధక్యమని త్రోసివేయరాదు. చేయి వణకు కంపవాతము వేరు. అది మెదడులో డోపమైన్ తగ్గుటవలన కలుగును.

కావున ముఖమునకు రంగు వచ్చినదని తృప్తిపడక, నడకలోని మార్పునుగూడ వైద్యునికి చెప్పి, బి12 పరీక్ష చేయించుకొనవలెను.