పాత పూసలు – కొత్త దండలు

సుల్తాన్ బజారులో గాజుల, పూసల అంగళ్లముందు నిలిచినపుడెల్ల మన చూపు కొత్త నగలమీదికే పోవును. ఇంట పెట్టె యడుగున తెగిన దండల పూసలు, వెలిసిన గాజులు, పాత చొక్కాల గుండీలు పడియున్న సంగతి మరతుము.

చెవినగను మనవారు ‘కమ్మ’ యన్నారు. తాటియాకునకును కమ్మ యనియే పేరు. ఒకప్పు డాయాకునే చుట్టి చెవులకు ధరించిరి. పిమ్మట బంగారము వచ్చినను పేరు మారలేదు. కావున అల్పవస్తువుతో నగ చేసికొనుట మనకు చిన్నతనము కాదు.

మా తల్లిగారి దండ తెగినపుడు సగము పూసలు నేలపాలైనవి. మిగిలినవానిని పరిమాణమునుబట్టి యేరి, పెద్దవానిని నడుమ నుంచి, పూసకు పూసకు మధ్య ముడివేయుచు పట్టుదారమున గ్రుచ్చితిమి. ముడి బెజ్జముకంటె పెద్దదిగా నుండవలెను. అప్పుడు దారము తెగినను ఒకటి రెండు పూసలే జారును. తరుగైన పూసలకు బదులు గుండీలు చేర్చితిమి. అంగడిలో కొన్నవి దారము, కొక్కెము మాత్రమే.

వెలిసిన గాజునకు పది పదునైదు పోగుల పట్టుదారమును సందులేకుండ బిగువుగా చుట్టి, కొసను జిగురుతో నంటించిన చాలును.

ఒక హెచ్చరిక: గురువిందగింజలు చూపునకు అందమైనను విషపూరితములు. బెజ్జము వేసిన గింజను నమలినచో పసివారి ప్రాణమునకే ముప్పు. పిల్లలున్న యింట వానిని గ్రుచ్చరాదు.

ఆ దండ నేడు మా యింటి ఆడపడుచు మెడలో నున్నది. వెల యడిగినవారికి ఆమె చెప్పునది, అది అమ్మమ్మగారి దండ యని మాత్రమే.