కొమ్ములను బట్టి వచ్చిన పేరు

నేను ‘హార్ట్’ అను ఆంగ్లపదమును ఉచ్చరించినంతనే మీలో పెక్కుమందికి హృదయము స్ఫురించియుండును. చెవికి రెండు మాటలును ఒక్కటియే. వ్రాతలో మాత్రము ఒక్క అక్షరము భేదము. నేను ముచ్చటింపదలచినది ఐరోపా వనములలో సంచరించు ఎఱ్ఱదుప్పి జాతిలోని మగమృగమును గూర్చి. దానికి ‘స్టాగ్’ అను మాట నేడు వాడుకలో నున్నను, పూర్వపు వేటకాండ్రు అయిదేండ్లు నిండి, కొమ్ములు శాఖోపశాఖలుగా విరిసిన ప్రౌఢమృగమునే హార్ట్ అని గౌరవించెడివారు.

ప్రాచీనాంగ్లమున ఈ పదము ‘హెయొరొట్’. బేవుల్ఫ్ అను వీరకావ్యమున హ్రోత్‌గార్ మహారాజు నిర్మించిన సభామందిరమునకు ఇదియే నామధేయము. జర్మనులు ‘హిర్ష్’ అందురు, లాటినులో ‘కెర్వుస్’. వీనికన్నిటికిని మూలము కొమ్ము, శిరస్సు అను అర్థములు గల ఒక ఆదిమధాతువని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి; మన శృంగశబ్దమును, శిరశ్శబ్దమును ఆ ధాతువు సంతానమే. సంస్కృతమునుండి ఆంగ్లము పుట్టినదని నా యభిప్రాయము కాదు. ఒక తల్లి బిడ్డలు వేర్వేరు దేశములలో పెరిగిరనియే. సంస్కృతమున శకారమున్న చోట ఆంగ్లమున హకారము వినవచ్చుట పలుతావుల కానవచ్చును: శతము అచ్చట హండ్రెడ్, శ్వానము హౌండ్. శ్వానము తరుమగా శృంగి పరుగెత్తుటయే అచ్చటి వేట యని తలచినప్పుడు, ఆ రెండు పేరులును మన యింటి మాటలకు చుట్టములగుట నాకెంతయో ముచ్చట గొలుపును.

1377 నుండి 1399 వరకు ఇంగ్లండు నేలిన రెండవ రిచర్డు శ్వేతమృగమును, మెడలో స్వర్ణకిరీటముతోను గొలుసుతోను, తన చిహ్నముగా ధరించెను. ‘వైట్ హార్ట్’ అను పేరుగల పూటకూళ్ళయిండ్లు ఆ దేశమున నేటికిని ఉన్నవి.

తెలుగున దీనికి సాటిపద మేది? మగజింకను మన పూర్వులు ఇఱ్ఱి యనిరి. పలుకుట కింపైన మాటయే కాని, ఇఱ్ఱి కొమ్ములకు కొమ్మలుండవు, అవి జీవితాంతము ఊడవు. హార్ట్ కొమ్ములో, ఏటేట వసంతమున రాలిపోయి, నూగుతోలు కప్పుకొని మరల మొలచి, శరత్తునాటికి ఆ తోలు విడిచి గట్టిపడును. మన దుప్పికొమ్ములును అట్లే రాలి, అట్లే మొలచును. 1611 నాటి ఆంగ్ల బైబిలునందలి నలువదిరెండవ కీర్తనలో నీటివాగుకై తపించు హార్ట్, మన తెలుగు బైబిలులో దుప్పి యైనది. ఆ యనువాదకుడు ఇఱ్ఱిని విడిచి దుప్పిని గ్రహించుట మిక్కిలి యుచితముగ నున్నది.