హమ్మింగ్‌బర్డ్ కాదు, చిమ్మట

ఇంగ్లండు ప్రకృతి శాస్త్రవేత్త హెన్రీ వాల్టర్ బేట్స్ 1848 నుంచి 1859 దాకా అమెజాన్ అడవుల్లో తిరిగాడు. హమ్మింగ్‌బర్డ్ అనుకుని పలుమార్లు ఒక చిమ్మటను తుపాకీతో కొట్టాడు! ఆ రెండిట్లో ఒకటి ఇంకొకటిగా మారుతుందని అక్కడివాళ్లు గట్టిగా నమ్మేవారు. నమ్మరూ మరి! రెండూ పువ్వు ముందు గాలిలో నిలబడే తేనె తాగుతాయి. రెక్కలు కంటికి ఆనవు.

కాస్త దగ్గరికెళ్లి చూడండి. చిమ్మటకు తలమీద రెండు మీసాలుంటాయి, పిట్టకు ఉండవు. పిట్ట పొడవాటి ముక్కులోంచి చివర చీలిన నాలుక సెకనుకు పదిసార్లకు పైగా ఆడుతుంది. చిమ్మటకున్నది సన్నటి తొండం. తాగడం కాగానే గడియారం స్ప్రింగులా చుట్టుకుపోతుంది. పిట్ట సాలెపట్టుతో గూడు కట్టి, పిల్లల నోటికి మేత అందిస్తుంది. చిమ్మట ఆకుమీద గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది. గొంగళిపురుగు బతుకు దానిదే.

హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లోనే ఉంటాయి. మన పెరట్లో సాయంత్రం నూరువరహాల పూలముందు వాలకుండా తేలుతూ కనిపించేది ఈ చిమ్మట చుట్టమే. మన తేనెపిట్ట ఎక్కువగా కొమ్మను పట్టుకునే తాగుతుంది.